గౌష్ఠీనము: దక్షిణాపథపు బూదిదిబ్బలును పురావస్తూపన్యాసకుని కృత్యమును

విశ్వవిద్యాలయములలో 'లెక్చరరు' అనఁబడు నుద్యోగికి మనవారు 'ఉపన్యాసకుఁ'డని పేరిడిరి. వంగదేశమున నుపన్యాసమనఁగా నవల. మనకు సభలోఁ జేయు ప్రసంగము. ధాత్వర్థమును బట్టి చూచినచో నీ రెండును గావు. ఉప, ని యను నుపసర్గలతోఁ గూడిన 'అస్' ధాతువునకు దగ్గఱఁ బెట్టుట, ఎదుట నుంచుట యని యర్థము. తక్కిన శాస్త్రములను బోధించువారి కీ వ్యుత్పత్తి యంతగా నతుకదు కాని పురావస్తుశాస్త్రమును బోధించువానికి మాత్ర మక్షరాల సరిపోవును. మాటకు ముందు వస్తువును శిష్యుని యెదుటఁ బెట్టుట యాతని విధి. పెంకు, ఎముక, బొగ్గు, మట్టిపొర యెదుట లేక యాతఁడు చెప్పిన దంతయుఁ బురాణమగును. అట్టి యుపన్యాసకుఁ డొకఁడు మన దక్షిణాపథమునకు వచ్చి, పల్లెవారు రాక్షసుల చితాభస్మమని చెప్పుకొను దిబ్బలను ద్రవ్వి యేమి నిర్ణయించెనో, ఆ నిర్ణయము తరువాతివారిచే నెట్లు సవరింపఁబడెనో, దానివలన శబ్దశాస్త్రాభ్యాసకులమైన మనకుఁ దెలియవచ్చున దేమో చెప్పుట యీ వ్యాసమున కుద్దేశము.

మన ప్రాంతమునఁ బురావస్తుశాస్త్రమునకు విశ్వవిద్యాలయమునఁ దావు లభించుట నిన్న మొన్నటి మాట గాదు. చెన్నపురి విశ్వవిద్యాలయమున 1914లో భారతచరిత్రకును బురావస్తుశాస్త్రమునకును గలిపి యొక యాచార్యపీఠ మేర్పడెను. దాని నలంకరించినవారిలో మొదటివారు కృష్ణస్వామి అయ్యంగారు. 1929 నుండి నీలకంఠశాస్త్రిగారు. అయిన నాఁడు పురావస్తు వనఁగాఁ బ్రధానముగ శాసనము, నాణెము, దేవాలయము. మన కొమఱ్ఱాజు వేంకటలక్ష్మణరావుగారును మల్లంపల్లి సోమశేఖరశర్మగారును ఱాతిమీఁది యక్షరములఁ జదివియే కదా యాంధ్రదేశచరిత్రకుఁ గాలక్రమము నిలిపిరి! అక్షరమున్నచోట వైయాకరణునకుఁ బని కలదు. విభక్తి చెడెనా, సంధి తప్పెనా, ఈ పద మే కాలపుదని చెప్పుటకైనఁ బిలుతురు. అక్షరమే పుట్టని కాలమును గుఱించిన విచారమున మనకుఁ జోటు లేదని నేను బహుకాల మనుకొంటిని. ఆ యభిప్రాయము నా మనస్సున నెట్లు సడలెనో క్రిందఁ దెలియఁగలదు.

కృష్ణా తుంగభద్రల నడిమి సీమయందును, దానికిఁ జుట్టుపట్ల బళ్లారి, రాయచూరు, అనంతపురము, మహబూబునగరు ప్రాంతములందును గొన్ని వింత దిబ్బలు గలవు. ఇప్పటికి నూటికిఁ బైఁబడి కనుఁగొనఁబడినవి. కొన్ని మనుష్యప్రమాణమునకు మించవు. కొన్ని యైదు నిలువుల యెత్తు. పైన గడ్డి మొలచియుండును. గోఁటితో గీఱినచో లోపల మెత్తని బూడిద. నడుమ నడుమ గాజువలె మెఱయుచు, కమ్మరికొలిమి చిట్టమువలె బుడగలు గట్టిన గట్టి పెళ్లలు. బళ్లారినుండి హోసపేటకుఁ బోవు త్రోవలోఁ గుడుతిని కడ నున్న కనుమకు బూదికనుమ యనియే పేరు. 'బూది' భూతిశబ్దభవ మనుట యుక్తము. విభూతియందున్న యర్థమే దీనియందును గలదు. ఆ పేరిడినవా రెవ్వరో గాని యది మట్టి కాదు, శిల కాదు, బూడిద యని మాత్ర మెఱిఁగియుండిరి. ఈ సంగతిని ముందుముం దొకమాఱు తలఁచుకొనవలసియున్నది.

ఇంత బూడిద యెక్కడిది? పల్లెవారి సమాధానము సిద్ధముగా నున్నది. బళ్లారి ప్రాంతమున నది భీమసేనునిచేఁ జచ్చిన హిడింబాసురుని బూడిద. హంపీకిఁ జేరువనున్న నింబాపురమున నది వాలిని దహించిన చోటు. ఈ రెండు కథలను బండితుఁడు సమానముగాఁ జూడరాదు. కిష్కింధాకాండమున వాలికి నదీతీరమున నంగదునిచే యథావిధిగా దహనసంస్కారము జరిగినట్లు విస్పష్టముగాఁ జెప్పఁబడినది. కావున నింబాపురపుఁ గథకు గ్రంథాధారము కలదు. చోటు మాత్రమే వారు చేర్చుకొన్నది. హిడింబుని సంగతి యట్టిది కాదు. ఆదిపర్వమున భీముఁడు వానిని జంపినవెంటనే, దుర్యోధనుఁడు తమ యునికిఁ దెలిసికొనునేమో యను వెఱపుచే, దగ్గఱ నున్న పట్టణమునకు వేగముగఁ బోవుదమని యర్జునుఁడు తొందరపెట్టును. చితి పేర్చుట కక్కడఁ దెఱపియు లేదు, ప్రసక్తియు లేదు. కాఁబట్టి హిడింబుని బూడిద కథ గ్రంథమునుండి దిబ్బకు వచ్చినది గాదు. దిబ్బను జూచినవాఁడు గ్రంథమునం దొక రాక్షసుని వెదకికొని తెచ్చుకొన్నది. స్థలపురాణములఁ బరిశీలించువార లీ భేదమును మనస్సున నుంచుకొందురుగాక.

ఇఁకఁ జదువుకొన్నవారి పక్షములు. 1843లో న్యూబోల్డు అను సేనాధికారి బళ్లారిప్రాంతపు దిబ్బలను వర్ణించి, పల్లెవారి రాక్షసకథను గూడ వ్రాసి ప్రకటించెను. అటుపిమ్మట నగ్నిపర్వతమునుండి వెలువడినవని కొందఱు, ఇనుము కరఁగించిన కొలుముల చిట్టమని కొందఱు, విజయనగరరాజుల కాలమున జరిగిన సహగమనముల శేషమని యొకరు చెప్పుచు వచ్చిరి. చిట్టమను పక్షము చాలకాలము బలముగా నుండెను, చూపునకు నమ్మకము గొల్పునది గనుక. భూతత్త్వపరిశోధకుఁ డగు రాబర్టు బ్రూసు ఫుట్ గారు (1863లో చెన్నపురి చెంతఁ బల్లావరమున నాదిమ శిలాపరికరమును గనుఁగొన్న మహాశయు లీయనయే) ఈ దిబ్బలచెంత నునుపు చేసిన ఱాతిగొడ్డళ్లు దొరకుటను గమనించి, యవి లోహ మెఱుఁగని జనుల వనియుఁ, బశువులదొడ్లలోఁ బేరుకొన్న పేడ కాలి యేర్పడిన వనియు నూహించిరి. ఊహ సరియైనదే. కాని యూహ యూహయే. ఎదుటఁ బెట్టి చూపినవారు లేరు. విద్వాంసు లెవరి పక్షమున వారుండిరి.

ఇట్లు నూఱేండ్లకుఁ బైఁగా గడచిన పిదప రేమండు ఆల్చిను గారు వచ్చిరి. 1923లో జననము. రెండవ ప్రపంచయుద్ధమున సైనికుఁడుగా 1944లో మన దేశమునకు వచ్చి, యీ దేశమునం దాసక్తి కుదిరి, యుద్ధానంతరము లండనున హిందీ సంస్కృతములఁ జదివి, యటుపిమ్మటఁ బురావస్తుశాస్త్రమునఁ బరిశ్రమించిరి. సంస్కృతమునుండి మట్టిలోనికి దిగినవాఁ డని మన మభిమానింపఁదగినవారు. 1952లో నాఁటి హైదరాబాదు రాజ్యములోని రాయచూరు జిల్లాయందుఁ బిక్లిహాళు కడఁ ద్రవ్విరి. 1954లో లండను విశ్వవిద్యాలయపుఁ బ్రాచ్యవిద్యాలయమున భారతీయ పురావస్తుశాస్త్రోపన్యాసకుఁ డైరి. 1959లో నక్కడనుండి కేంబ్రిడ్జికిఁ బోయి భారతీయవిద్యల నుపన్యసించుచు, 1972లో రీడరుపదవి నంది, విశ్రాంతి పొందువఱకు నక్కడనే యుండిరి. 2010లో దివంగతులైరి. పురావస్తువులఁ ద్రవ్వుచునే తులసీదాసు కవితావళిని 1964లోను, వినయపత్రికను 1966లోను నాంగ్లమునఁ బరివర్తించిన సంగతి మన పండితులు తప్పక యెఱుఁగవలసినది. రాముని బంటుగా బ్రతికిన కవిని బరివర్తించినవాఁడే వాలి చితాభస్మమును బరీక్షించినవాఁడు!

ఆల్చినుగారు బూదిదిబ్బలప్రశ్నను దెగవేయుటకుఁ ద్రవ్విన చోటు ఉట్నూరు. ఆదిలాబాదు జిల్లా ఉట్నూరు గాదు; పాలమూరు సీమలోనిది. పాఠకులు భ్రమపడకుందురుగాక, నేను మొదట భ్రమపడితిని. 1957వ సంవత్సరము; ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర మేర్పడి యేఁడాది. దిబ్బను నిలువునఁ గోసి, పొరలను వేఱువేఱుగ గుర్తించి, క్రిందినుండి మీఁదికిఁ జదువుకొని వచ్చిరి. కనఁబడిన దేమనఁగా: తాటిమ్రాఁకులు పాఁతి కట్టిన కంచెగుంటల వరుసలు, లోపలి కంచెలో బలిసిన పేడపొర, లోపలి కంచెకు వెలుపలి కంచెకు నడుమ మనుష్యుల యునికి జాడలు. అంతయుఁ గాలినది. కాలినదానిమీఁద మరల కంచె. మరలఁ బేడ. మరల మంట. ఇట్లనేకపర్యాయములు. ఒక పొరలో, మెత్తని బూడిదమీఁద, పశువుల గిట్టల యడుగులు నొక్కుకొని యట్లే నిలిచియున్నవి.

గిట్టలయడుగులు కనఁబడినతోడనే కొలిమి పక్షము నిలువ లేకపోయెను. అగ్నిపర్వతముమీఁద నావులు నడచుట యెవరును వినలేదు. సహగమనముల చితాభూమిని మందగా మార్చు హిందూరాజు నుండఁడు. అయినఁ బెళ్లలు గాజువలె నేల కరఁగెను? దీనికి సమాధానము త్రవ్వకమున దొరకునది గాదు, రసాయనశాలలో దొరకునది. లండను విశ్వవిద్యాలయపు టాచార్యుఁ డగు జోయినరు గారు 1960 ప్రాంతమున నా పెళ్లలను బరీక్షించి, గడ్డియందు సహజముగ నుండు నిసుకసత్త్వము పేడలోఁ జేరి, గట్టిగాఁ గాలినపుడు కరఁగి గాజు గట్టునని తేల్చిరి. వంటయింటి బూడిద నెఱిఁగిన మన గృహిణులకును గొంత తెలిసిన విషయమే. పెనుమంటలో మాత్ర మిది కంటికిఁ గానవచ్చును. ఆల్చినుగా రీ విషయమంతయుఁ గూర్చి, నవశిలాయుగమునాఁటి దక్షిణదేశపుఁ బశుపాలకులను గుఱించి 1963లో గ్రంథముగాఁ బ్రకటించిరి. పిక్లిహాళు ఉట్నూరుల త్రవ్వకముల వివరణములు 1960, 1961లలో నాంధ్రప్రదేశ ప్రభుత్వపు గ్రంథమాలలోనే వెలువడినవి. మన సొమ్ముతో మన యచ్చునఁ బడినవి. చదివిన తెలుఁగుపండితు లెందఱో లెక్కింపఁ జేతి వ్రేళ్లు చాలును.

నేను పాణినీయము చెప్పుచుఁ బంచమాధ్యాయ ద్వితీయపాదమునకు వచ్చినప్పుడెల్ల నొకచోట వేగముగ సాగిపోవువాఁడను. పదునెనిమిదవ సూత్రమది. గోష్ఠశబ్దముమీఁద 'భూతపూర్వము' అను నర్థమున 'ఖఞ్' ప్రత్యయము విధింపఁబడినది. రూపము 'గౌష్ఠీనము'. పూర్వ మొకప్పు డావులదొడ్డియై యిప్పుడు గానిచోటు. అమరసింహుఁడు గూడ గోష్ఠమును జెప్పి దాని ననుసరించియే యీ పదమును జెప్పినాఁడు. ఆవులు పోయిన దొడ్డికిఁ బ్రత్యేకముగ నొక పదమును, దాని కొఱకు బ్రత్యేకముగ నొక సూత్రమును నేల యని శిష్యు లడిగినచో 'లక్ష్యమునుబట్టి లక్షణము' అని చెప్పి తప్పించుకొనుటయే గాని లక్ష్య మెట్టిదో నేనును జూచినవాఁడను గాను. ఉట్నూరు వివరణమును జదివినపు డా సూత్రము లక్ష్యముతోఁ గూడ నెదుట నిలిచినది. మంద యొకచోట నుండి మఱియొకచోటికిఁ బోవుచుండును. పోయిన చోటు పేరు లేక పోరాదు. నేల బలిసియుండును, గడ్డి దట్టముగ మొలచును, మరల వచ్చుటకు గుర్తు. పశువులతోఁ బ్రదుకు జనులకుఁ గావలసిన పద మది. పాణినికి దక్షిణాపథపు బూదిదిబ్బలు తెలియునని నే ననుట లేదు. అట్లనుట దుస్సాహసము. దేశములు వేఱు, కాలములు వేఱు, భాషయు వేఱు. అట్టి చోటికిఁ బదము నిర్మించుకొను నవసర మొక సమాజమున నేల కలుగునో తెలియుటకు మాత్ర మీ బూడిద తోడ్పడినది. అక్షరములేని కాలమున మనకుఁ బనిలేదను నా యభిప్రాయ మిచ్చట సడలినది.

ఇఁకఁ గాలనిర్ణయము. ఇచ్చటఁ బెద్దల మాటను ద్రోసిపుచ్చవలసి వచ్చినది. 1947లో వీలరు గారు (ఆయనయుఁ బూర్వము వేల్సుదేశమునఁ గార్డిఫు కళాశాలలోఁ బురావస్తూపన్యాసకుఁడుగా నుండినవారే) చిత్రదుర్గము జిల్లాలో నశోకుని శాసనములున్న బ్రహ్మగిరి కడఁ ద్రవ్వి మూఁడు సంస్కృతులను గ్రమముగఁ జూపిరి. క్రిందిది ఱాతిగొడ్డళ్లవారిది, దానిపైనిది పెనుఱాతిగోరీలవారిది, అన్నిటిపైనిదానికి వీలరుగా రిడిన పేరు 'ఆంధ్రసంస్కృతి'. ఆ పేరు మనకుఁ గర్ణరసాయనమే. అయితే మీఁదినుండి క్రిందికి లెక్కగట్టి ఱాతిగొడ్డళ్లవారిని క్రీస్తునకుఁ బూర్వము వేయియేండ్లకు లోపలనే ప్రారంభించిన ట్లాయన నిర్ణయించిరి. అంతటివాఁడు చెప్పిన కాలమును గాదనువా రెవరు? ఉట్నూరు బొగ్గు కాదన్నది. బొగ్గులోని యంగారకము (కార్బను) యేండ్లు గడచినకొలఁది క్షీణించు పరిమాణమునుబట్టి వయస్సు చెప్పు పద్ధతిని 1949లో నమెరికాలో లిబ్బీ గారు వెలువరించిరి. ఆ పరీక్షకుఁ బంపిన యుట్నూరు బొగ్గు క్రీస్తునకుఁ బూర్వము రెండువేలయేండ్లకుఁ బైఁబడిన దని తేలెను. అనఁగా వీలరుగారి లెక్క యొక సహస్రాబ్దమునకుఁ బైగాఁ జెడెను.

వైయాకరణుల కిది వింతగాఁ దోఁపదు. మునిత్రయములోఁ బూర్వునికంటె నుత్తరుని ప్రామాణ్యమే మనకు గొప్ప. పాణిని చెప్పినదానిని గాత్యాయనుఁడు, కాత్యాయనుఁడు చెప్పినదానిని బతంజలి సవరించినను బాణిని గౌరవమునకు లోపము రాలేదు. వీలరుగారు పొరలఁ జదువుట నేర్పనిదే ఆల్చినుగా రుట్నూరును జదువఁజాలరు. కాని యొక భేదమున్నది. మహాభాష్యకారునకు సూత్రపాఠ మంతయు మరల మరల దొరకును. పురావస్తువును ద్రవ్వువానికి దిబ్బ మరల దొరకదు. చదువుచుండఁగనే యాకు చింపివేయవలసిన తాళపత్రగ్రంథ మది. త్రవ్విన పొర పోయినది పోయినదే. ఉపన్యాసకుఁడు వ్రాసిన కొలఁతలు, పటములు, పెంకులమీఁద నంటించిన చీటులు, వివరణగ్రంథము — ఇవియే యిఁకఁ బ్రతులు. ఆ గ్రంథము వ్రాయని త్రవ్వకము పుస్తకదహనముతో సమానము. వానకాలమునఁ బాఠములు, చలికాలమున శిష్యులతోఁ గుడారములు, మిగిలిన దినములఁ బెంకులు కడుగుట, గీయుట, లెక్కించుట, వ్రాయుట — ఇట్లు సాగును వారి సంవత్సరము. ఈ తుదిపని కీర్తి తేదు. అందుచే ననేకులు దానిని వాయిదా వేయుదురు. పిక్లిహాళు వివరణము వెలువడుట కెనిమిదేండ్లు, ఉట్నూరునకు నాలుగేండ్లు పట్టినది. ఈ విద్యలో నిది యాలస్యముగ నెన్నఁదగదు.

మఱియొక ప్రశ్న మిగిలినది. పేడ నేల కాల్చిరి? ప్రమాదవశమున నొకమాఱు నిప్పంటుకొనవచ్చును. అనేకమాఱులు క్రమముగ నంటుకొనదు. మంద వలసపోవునప్పుడో తిరిగి వచ్చినప్పుడో, పశువులకుఁ దెవుళ్లు రాకుండుటకై, పండుగగాఁ గాల్చియుందు రని ఆల్చినుగా రూహించి, నేఁటి హోళి, దీపావళి, పొంగలి మంటలతోఁ బోల్చిరి. మైసూరుసీమలో సంక్రాంతినాఁటి సాయంకాలము పశువులచే మంట దాఁటింతురు. మన భోగిమంటలో బిడ్డలు పిడకలదండలు వేయుదురు. చదువఁగానే మనస్సు పొంగును. నాలుగువేలయేండ్లనాఁటి నిప్పు మన వాకిటనే మండుచున్నదే యనిపించును. అయిన నేనిచ్చటఁ గొంచె మాగుదును. తెలుఁగు 'కాలు'నకును సంస్కృత 'కాల'మునకును రూపసామ్యమున్నను బుట్టువు వేఱు. నడుమనున్న కాలముల సాక్ష్యము లేక రెండు కొనలను ముడివేయుట శబ్దవిషయమున దోషమైనచో నాచారవిషయమున దోషము గాకుండునా? ఆల్చినుగారు దీనిని సంభావనగనే చెప్పిరి. మనవారు సిద్ధాంతముగఁ జెప్పఁబోవుదు రను భయముచేత నింత వ్రాసితిని. అప్రస్తుతప్రసంగమును 'రామాయణములోఁ బిడకలవేఁట' యని మనవారు పరిహసింతురు గదా! వాలి చితయని చెప్పఁబడుచోటఁ బిడకలే దొరకుట చేత నీ యొక్క పట్టున నా వేఁట ప్రస్తుతమే యైనది. ఆ సామెతకుఁ బుట్టువిదియే యని మాత్ర మెవరును వ్రాయకుందురుగాక.

ఆల్చినుగారి సిద్ధాంతమును నట్లే నిలిచిపోలేదు. శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయపు వి. రామిరెడ్డిగా రనంతపురము జిల్లాలోని పాలవాయి కడఁ బరిశోధించి 1976లో గ్రంథము వెలువరించిరి. పుణెలోని డెక్కను కళాశాల యాచార్యులు కాట్రగడ్డ పద్దయ్యగారు కర్ణాటకమున సురపురసీమలోని బూదిహాళు కడఁ, గడచిన శతాబ్ది తుదిదశకమునఁ జాల విశాలముగాఁ ద్రవ్విరి. దిబ్బను మాత్రమే గాక దాని చుట్టుపట్ల నేలను గూడఁ ద్రవ్వుట యాయన విశేషము. దొడ్డిప్రక్కనే యిండ్లు, పనిముట్లు చేసికొన్న తావులు, పశువులఁ గోసిన యెడములు బయల్పడినవి. కావున నీ దిబ్బ లడవిలో వేసవి గడపిన తాత్కాలికపు మందలు మాత్రమే గావు, జనులు కుదురుకొని కాఁపురమున్న యూళ్లలోని భాగములును గలవని యాయన స్థాపించిరి. ఆవులదొడ్డి యని ఆల్చిను చెప్పినది నిలిచినది; కాఁపురములేని దొడ్డి యను భావము తొలఁగినది.

అటుపిమ్మట దృష్టి యెముకనుండి గింజకు మరలినది. త్రవ్విన మట్టిని నీటఁ గలిపి కదపినచో మట్టి యడుగునకుఁ బోవును. మాడిన గింజలు తేలును. మన యిండ్లలో బియ్యము గడుగుచుఁ దాలు తీయుపద్ధతియే. లండనులోని డోరియన్ ఫుల్లరు గారును, కర్ణాటకపు రవి కోరిసెట్టరు గారును, కుప్పము ద్రావిడ విశ్వవిద్యాలయమునకుఁ జెందిన వేంకటసుబ్బయ్యగారును మఱికొందఱును గూడి యిట్లు తేల్చిన గింజలను 2004 ప్రాంతమునఁ బ్రకటించిరి. అవి యేవి? ఉలవలు, పెసలు, అండుకొఱ్ఱ మొదలగు చిఱుధాన్యములు. వరియు గోధుమయు వారి ముఖ్యాహారములు గావు. గింజలు దొరకిన యూళ్లలోఁ గడపజిల్లా పెద్దముడియ మొకటి. చాళుక్యుల కులకథలో విష్ణువర్ధనుఁడు పుట్టి పెరిగిన ముదివే మగ్రహార మిదియే యని మన చరిత్రకారులు గుర్తించిన యూరు గదా! శాసనమును జదివి మన మా యూరిని జాళుక్యులకాలమునుండి యెఱుఁగుదుము. గింజను జదివినవా రా యూర నంతకు రెండువేలయేండ్లకుఁ బైఁగాఁ బూర్వ ములవలు వండుకొన్నవారిని జూపిరి. శాసన మబద్ధమాడలేదు, ఆ యూరి మొదటిపుట దానియొద్ద లేదు.

ఇచ్చట బూదికనుమ పేరిడిన యజ్ఞాతులను మరలఁ దలఁచుకొనవలెను. విద్వాంసులు నూఱేండ్లు చిట్టమనియు నగ్నిపర్వతమనియు వాదించుచుండఁగా నా కనుమ పేరులో నున్న సాక్ష్యము సత్యము. పల్లెవాఁడు బూడిద యని సరిగనే చెప్పెను. ఎవరి బూడిద యని యడిగినప్పుడే తనకుఁ దెలిసిన రాక్షసుని జెప్పెను. వస్తువును జూచి చెప్పినది నిలిచినది, కారణమును గల్పించి చెప్పినది పోయినది. స్థలనామములఁ గూర్చు పండితులు బూది, బూడిద, దొడ్డి, మంద, పెంట యను మాటలు చేరిన పొలముల పేళ్లను, గట్ల పేళ్లను జిన్నవని విడువరాదు. గ్రామకరణముల పాతలెక్కలలో నిట్టివి యనేకము లుండును. ఇది పురావస్తూపన్యాసకునకు సాధ్యమైన పని గాదు. ఆతనికిఁ దెలుఁగు పల్లెల మాట పట్టుపడదు. ఇది మన పని.

ఆలస్యమునకు మాత్ర మెడము లేదు. ఈ బూడిద పైరులకు మంచి యెరువని రైతులు బండ్లతోఁ దోలుకొనిపోవుచున్నారు. దారులు వేయువారు కొన్నింటిని దున్నివేసిరి. రైతును నిందించుట నా యుద్దేశముగాదు. ఆవులు విడిచినది పొలమునకుఁ జేరుట ధర్మమే యని యాతఁ డనుకొనును. ఆతని కెవరును జెప్పలేదు. చెప్పవలసినవాఁ డా యూరి బడిపంతులు. విశ్వవిద్యాలయపు టుపన్యాసకుఁ డేఁడాదికొకమాఱు రావచ్చును, రాకపోవచ్చును. పంతులు దినదినము నా దిబ్బప్రక్కగనే బడికిఁ బోవును.

అట్టిచోట నున్నవారికి నా మనవి యొక్కటి. పలుగు వేయకుఁడు. బండ్లవారు కోసికొనిపోయిన యంచున దిబ్బ నిలువుగఁ దెగియుండును. ఆ యంచుననే పొరలు కనఁబడును. తెల్లని బూడిదపొర యెంత, దానిక్రింద నల్లనిది యెంత, గాజుపెళ్లలు నడుమ నున్నవా పైననున్నవా, పెంకుగాని యెముకగాని ఱాతిగొడ్డలిగాని యే పొరలో నంటియున్నదో జానలతోఁ గొలిచి తేదితోఁ గాగితముమీఁద వ్రాయుఁడు. క్రిందఁ బడియున్నదానిని క్రింద దొరకినట్లే వ్రాయుఁడు. పొరలో నున్నదానిని బెఱుకకుఁడు. ఊరివారు చెప్పు కథను వారి మాటలతోనే, దిద్దక, వేఱుగ నొకపుటలో వ్రాయుఁడు. ఆ రెండు పుటలను గలపక, రాష్ట్రపు పురావస్తుశాఖకొక ప్రతియు, దగ్గఱి విశ్వవిద్యాలయపుఁ జరిత్రశాఖకొక ప్రతియుఁ బంపుఁడు. మూఁడవ ప్రతి బడి పెట్టెలో నుండవలెను.